వాక్యాల వరుస పట్టుకుంటుంది, క్రియలో ఉన్న మనిషిని వదిలేస్తుంది

కాపీ (అచ్చుకు వెళ్లే రాత) దిద్దేవాళ్లకు అక్షరదోషాలు పెద్ద బెడద కాదు. కంటికి ఆనతాయి, సరిచేసి ముందుకెళ్తాం. ప్రతి వాక్యమూ సలక్షణంగా ఉండి, కలిపి చదివితే మాత్రం పొసగని కాపీతోనే అసలు తంటా. ఏ పదం కింద గీత గీయాలో తెలియదు. ఆ పొందికను కొలిచి నూటికి ఇన్ని అని మార్కులు వేసే సాఫ్ట్‌వేర్ ఒకటి మా ఫీచర్స్ డెస్క్‌లోకి వచ్చింది. రోజూ వాడుతున్నాను కాబట్టి నా అభిప్రాయం రాస్తున్నాను. అందులో స్పెల్లింగ్, విరామచిహ్నాలు చూసే భాగాలు కూడా ఉన్నాయి. అవి అన్నిచోట్లా ఉండేవే, వాటి జోలికి పోను.

ముందు మంచి చెప్తాను. పేజీలో చోటు చాలక పైనుంచి రెండు పేరాలు కోసేసిన కాపీలో ఇది చాలా పనికొస్తుంది. ఒక శాస్త్రవేత్త గురించిన కథనంలో ఆమెను పరిచయం చేసిన పేరా కోతలో పోయింది. మూడో పేరాలో ‘ఆమె అప్పటికే ఆ ప్రయోగశాల వదిలేశారు’ అని మొదలవుతోంది. ఎవరామె? ఏ ప్రయోగశాల? సాఫ్ట్‌వేర్ రెండు మాటల కిందా నారింజ గీత గీసి, ముందు వాక్యాల్లో వీటికి ఆధారం లేదని చూపించింది. కథనాన్ని అప్పటికే పలుసార్లు చదివిన కంటికి ఈ లోటు తట్టదు, ఎందుకంటే తెగిన పేరా మన బుర్రలో ఇంకా ఉంటుంది. యంత్రానికి ఆ ఇబ్బంది లేదు. పేరాలు తారుమారైనా ఇట్టే పట్టేస్తుంది. ఈ ఒక్క పనికే దీన్ని కొనొచ్చు.

ఇది పనిచేసే తీరును సహాయ పేజీలో దాచకుండా రాశారు. మెచ్చుకోవాల్సిన విషయం. దీని పునాది కంప్యూటర్‌తో భాషను విశ్లేషించే పరిశోధకులు రెజీనా బార్జిలే, మిరెల్లా లపాటా 2005లో ప్రతిపాదించి 2008లో విస్తరించిన ఎంటిటీ గ్రిడ్. వ్యాసాన్ని ఒక పట్టికగా ఊహించుకోండి. ప్రతి వాక్యానికీ ఒక అడ్డ వరుస, వ్యాసంలో వచ్చే ప్రతి మనిషికీ వస్తువుకూ ఒక నిలువు వరుస. ఆ వాక్యంలో ఆ పేరు కర్తగా వచ్చిందా, కర్మగానా, మరో రకంగానా, అసలు రాలేదా అన్నది గడిలో ఒక గుర్తు. నాలుగు గుర్తులు కాబట్టి ఒక వాక్యం నుంచి తర్వాతి వాక్యానికి 16 రకాల మార్పులు సాధ్యం. చక్కగా రాసిన వ్యాసాల్లో ఏ మార్పులు ఎక్కువగా వస్తాయో లెక్కగట్టి, మన కాపీని వాటితో పోలుస్తుంది. దీని వెనక గ్రోస్, జోషి, వైన్‌స్టైన్‌ల 1995 నాటి సెంటరింగ్ సిద్ధాంతం ఉంది. ప్రతి వాక్యం ఎవరో ఒకరి మీద నిలబడుతుంది, ఆ ఒకరే తర్వాతి వాక్యంలోనూ కొనసాగితే పాఠకుడికి శ్రమ తగ్గుతుంది అన్నది దాని సారం. ఏళ్ల తరబడి కాపీ దిద్దిన ఎవరికైనా ఇది నిజమేననిపిస్తుంది.

చిక్కంతా తెలుగు దగ్గర మొదలవుతుంది. నేను ఇచ్చి చూసిన ముక్క ఇది:

‘సరళ పెట్టె మూత తీసింది. అడుగున చేయి పెట్టి తడిమింది. తాళంచెవి దొరికింది. పరుగున వెళ్లి గది తెరిచింది.’

ఇందులో ఎక్కడైనా తడబడ్డారా? రెండో వాక్యంలో సరళ పేరు లేదు, నాలుగోదానిలోనూ లేదు. ఉండనక్కర్లేదు. తడిమింది, తెరిచింది అన్న క్రియల్లోనే ఆమె ఉంది. సాఫ్ట్‌వేర్ పట్టికలో మాత్రం సరళ నిలువు వరుసలో మొదటి గడి తప్ప మిగతా మూడూ ఖాళీ. ఆ మనిషి కథలోంచి మాయమైందని లెక్కేసుకుని మార్కులు దారుణంగా కోసింది. వాక్యవాక్యానికీ ‘సరళ’ అని చేర్చి, ‘సరళకు తాళంచెవి దొరికింది’ అని మార్చి ఇచ్చాను. మార్కులు ఎగబాకాయి. చదవడానికి మాత్రం ఒకటో తరగతి వాచకంలా తయారైంది.

యంత్రం పక్షాన ఒక మాట చెప్పాలి. తెలుగులో ఆడవాళ్లకూ వస్తువులకూ ఏకవచనంలో క్రియ ఒకేలా ముగుస్తుంది. తడిమింది, దొరికింది రెండూ ఒకే అచ్చు. తడిమింది సరళ అని, దొరికింది తాళంచెవి అని తేల్చడానికి క్రియాంతం ఒక్కటే చాలదు, ఆ పని ఎవరు చేయగలరో కూడా తెలియాలి. అందుకని సరళ స్థానంలో మోహన్‌ను పెట్టి చూశాను: తీశాడు, తడిమాడు, దొరికింది, తెరిచాడు. ఇప్పుడు తికమకకు తావే లేదు, మగమనిషి అని క్రియ స్వయంగా చెబుతోంది. అయినా మార్కులు అక్కడే ఉన్నాయి. అంటే ఇది క్రియాంతాలను చూడటమే లేదు. చెప్పకుండా వదిలేసిన కర్తను వెతికి పట్టుకోవడం మీద జపనీస్, చైనీస్ భాషల్లో ఎంతో కాలంగా పరిశోధన జరుగుతోంది. ఆ భాషల క్రియలో కర్త ఆడో మగో చెప్పే గుర్తే ఉండదు. మన క్రియ ఇంత సాయం చేస్తుంటే వాడుకోకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

రెండో లోపం దీనికి తిరగేసినది. పేర్లు గొలుసుకట్టుగా తగులుకుంటూ పోతే చాలు, ఎటు పోతున్నా అడగదు. ‘రాత్రి కరెంటు పోయింది. కరెంటు తీగల్లో ప్రవహిస్తుంది. తీగలను రాగితో చేస్తారు. రాగి నాణేలు మ్యూజియంలో ఉన్నాయి.’ దీనికి మంచి మార్కులే వచ్చాయి. ‘వాన పడింది. మ్యాచ్ రద్దయింది’ అన్నదానికి రాలేదు, రెండింటిలో ఉమ్మడి పేరు లేదు కనుక. భాషావేత్తలు హాలిడే, హసన్ 1976లోనే ఇంగ్లిష్ వాక్యాలను కలిపే, పైకి కనిపించే అతుకులను వర్గీకరించారు. ఆ అతుకులు ఉన్నంత మాత్రాన రచన పొసగదని తర్వాత చాలామంది వాదించారు. వాన కారణం, రద్దు ఫలితం. ఇలాంటి సంబంధాలను లెక్కలోకి తెచ్చే పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. మాన్, థాంప్సన్ 1988లో రెటారికల్ స్ట్రక్చర్ థియరీ ఇచ్చారు. ఏ వాక్యం ప్రధానం, ఏది దానికి ఆసరా, ఆ ఆసరా కారణమా, రుజువా, మినహాయింపా అని వ్యాసాన్ని చెట్టులా విడదీస్తుంది. వాక్యాల మధ్య సంబంధాలను గుర్తించిన ఇంగ్లిష్ వార్తల సంకలనం పెన్ డిస్కోర్స్ ట్రీబ్యాంక్‌లోనైతే ‘కాబట్టి’, ‘అయితే’ లాంటి మాట లేనిచోట కూడా వాక్యాల మధ్య దాగిన సంబంధాన్ని మనుషులే కూర్చుని గుర్తించి రాశారు. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఆ పొరే కనిపించదు. సంపాదకుడికి అన్నిటికన్నా కావాల్సింది అదే.

కొత్త వెర్షన్‌లో న్యూరల్ మోడల్, అంటే ఉదాహరణలు చూసి తానే నేర్చుకునే ప్రోగ్రామ్, చేర్చామన్నారు. మంచి వ్యాసాలను తీసుకుని, వాక్యాల వరుస కలగాపులగం చేసి, అసలుదేదో కనిపెట్టమని శిక్షణ ఇచ్చారట. ఈ రంగంలో అది పాత పరీక్షే. బార్జిలే, లపాటా కూడా భూకంప వార్తలను, విమాన ప్రమాద నివేదికలను ఇలాగే కలగాపులగం చేసి చూశారు. కానీ మా దగ్గరికి వచ్చే బలహీనమైన కాపీ కలగాపులగంగా ఉండదు. రాసినవాళ్ల వరుసలోనే ఉంటుంది. మూడో పేరాలో అడిగిన ప్రశ్నకు చివరిదాకా జవాబు రాకపోవడం, ఉదాహరణ ఒకటి చెబితే తీర్మానం మరొకటి చెప్పడం, ఇలాంటివి అందులోని జబ్బులు. లాయ్, టెట్రాల్ట్ 2018లో ఎన్రాన్ అనే అమెరికన్ కంపెనీ ఉద్యోగుల ఈమెయిళ్లు, యెల్ప్ వెబ్‌సైట్‌లో వినియోగదారులు రాసిన సమీక్షలు వంటి మామూలు జనం రాతలు తీసుకుని, వాటి పొందికకు మనుషులతో మార్కులు వేయించి ఒక సంకలనం తయారుచేసింది ఈ వెలితి చూసే. తెలుగులో అలాంటి సంకలనం ఒకటి ఉంటే, దాని మీద శిక్షణ పొందిన సాఫ్ట్‌వేర్‌కు ఇంతకు రెట్టింపు ధరైనా ఇవ్వమని మా సంస్థలో నేనే అడుగుతాను.

వేగం బాగుంది. పొడవైన వ్యాసాలకు కూడా ఆగిపోదు. ఫాంట్ల గొడవ లేదు.

ఐదుకు మూడు ఇస్తాను. ఆ మూడూ నారింజ గీతలకే. గీత పడిన ప్రతిచోటా ఆగి చూడటం నాకు అలవాటైంది, చాలాసార్లు అక్కడ నిజంగానే ఏదో ఒకటి తెగి ఉంటుంది. మార్కులకు మాత్రం సున్నా. డెస్క్‌లో కొత్తగా చేరిన పిల్లలు నూటికి ఎనభై దాటించాలని, హాయిగా నడుస్తున్న వాక్యాల్లో ‘ఆయన’, ‘ఆమె’, ‘సదరు సంస్థ’ అని దూర్చడం మొదలుపెట్టారు. వాళ్ల భాష నా కళ్లముందే బిగుసుకుపోతోంది. సెట్టింగ్స్‌లో ‘స్కోరు చూపించు’ అన్నచోట టిక్ తీసేస్తే అంకె మాయమై గీతలు మాత్రమే మిగులుతాయి. మీ దగ్గర శిక్షణలో ఉన్నవాళ్లు ఉంటే, వాళ్లకు లాగిన్ ఇచ్చేముందే ఆ టిక్ తీసేయండి.