అద్దె రాబడికి ఫ్లాటా, పోర్షన్ల ఇల్లా?

తిరుపతిలో కొద్దిపాటి పెట్టుబడితో అద్దె రాబడి ఆశించేవారు సాధారణంగా అపార్టుమెంటు ఫ్లాటుకూ, మూడు పోర్షన్ల పాత ఇంటికీ మధ్య ఏదో ఒకటి తేల్చుకోవలసి వస్తుంది. ఫ్లాటులో ఒకే కుటుంబం ఉంటుంది గనుక పేచీలు తక్కువ. అయితే వారు ఖాళీ చేస్తే రాబడి పూర్తిగా ఆగిపోతుంది, మెయింటెనెన్సు మాత్రం యజమానే కట్టుకోవాలి. పోర్షన్ల ఇంట్లో, ముఖ్యంగా 1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిసరాల్లో, ఒకటి ఖాళీ అయినా తక్కిన రెండింటి అద్దె వస్తూనే ఉంటుంది. కానీ ఒకే మోటారు, ఒకే కరెంటు మీటరు ఉన్నచోట బిల్లు పంచడమే పెద్ద తగవు. మా ఇంట్లోనైతే వేసవిలో ట్యాంకు నిండే వేళకు మూడు పోర్షన్లవారూ బకెట్లతో మెట్ల దగ్గర నిలబడేవారు. విడి మీటర్లు లేని ఇంటిని నేనైతే కొనను. ఆదాయపు పన్ను విషయంలో తేడా లేదు: యజమాని కట్టిన ఇంటి పన్ను తీసివేశాక మిగిలే అద్దెపై 30 శాతం మినహాయింపు రెండింటికీ వర్తిస్తుంది.