పాత పికప్‌కి ఇంకో కమాన్ పట్టీనా, కొత్త షాకబ్జర్లా: ఏది మేలు?

పదేళ్లు దాటిన పికప్ మలుపుల్లో ఒరుగుతోందనీ, గుంతలో దిగితే వెనక భాగం ఎగిరెగిరి పడుతోందనీ షెడ్డుకు తీసుకెళ్తే మన తిరుపతి, చిత్తూరు వైపు మొదట వినిపించే మాట ఒకటే: "ఇంకో పట్టీ ఏసేద్దామన్నా, సరిపోతాది." పట్టీ అంటే బండి బరువు మోసే కమాన్ కట్టలో, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీల కట్టలో (లీఫ్ స్ప్రింగ్), ఒకటి. అది వేశాక వెనక ఎత్తు పెరుగుతుంది. బండి గట్టిగా నిలబడినట్టు కనిపిస్తుంది. యజమానికి తృప్తిగానే ఉంటుంది. కానీ బరువు మోయడం వేరు, రోడ్డును పట్టుకుని నడవడం వేరు. మొదటిదాని కోసం చేయించిన పని రెండోదాన్ని చాలాసార్లు చెడగొడుతుంది. పాత బొలెరో పికప్పులు, టాటా 207లు ఇంకా ఎన్నో ఇళ్లకు అన్నం పెడుతున్నాయి. వాటి మీద పెట్టే ప్రతి రూపాయీ సరైన చోట పడాలన్నదే నా తాపత్రయం.

ముందు మన దారుల సంగతి. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది, తిరుపతి 160 మీటర్ల దగ్గర. పలమనేరు పైన, చిత్తూరు కింద. టమోటా లోడు భాకరాపేట ఘాట్‌లోనో మొగిలి ఘాట్‌లోనో కిందికి దిగుతుంది, ఖాళీ క్రేట్లతో బండి తిరిగి పైకి ఎక్కుతుంది. అంటే బరువుతో బ్రేకు తొక్కుతూ దిగడం, తేలికైపోయిన వెనక చక్రాలతో మలుపులు ఎక్కడం, ఈ రెండు పనులూ ఒకే బండి చేయాలి. మనం మాత్రం సస్పెన్షన్ అనగానే లోడు ఒక్కటే చూస్తాం. తిరుగు ప్రయాణం లెక్కలోకే రాదు.

కమాన్ కట్ట బరువు మోస్తుంది. ఆ కట్ట ఊగకుండా షాకబ్జర్ ఆపుతుంది. కట్ట చివరి కన్నులో ఉండే బుష్షులు, కట్టను ఛాసిస్‌కు (బండి అడుగు ఫ్రేముకు) కలిపే కదిలే లింకులైన షాకిళ్లు యాక్సిల్‌ను, అంటే చక్రాల ఇరుసును, దాని చోట నిలుపుతాయి. ఏది అరిగిందో తేల్చుకోకుండా దేనికీ డబ్బు కట్టకండి. బండిని చదునైన చోట ఖాళీగా నిలిపి ఒక్కో మూలను గట్టిగా నొక్కి వదలండి. వెనక కట్ట గట్టిది కాబట్టి అక్కడ ఇద్దరు ఎక్కి నొక్కాలి. ఒకటిన్నర ఊపులో ఆగిపోతే సరే. అంతకంటే ఎక్కువ ఊగితే షాకబ్జర్ పని అయిపోయినట్టే, బయటికి ఆయిల్ కారకపోయినా సరే. తర్వాత చక్రం మధ్య నుంచి బాడీ అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలవండి. ఒక వైపు కుంగి ఉంటే ఆ వైపు పట్టీ విరిగిందో, సాగిందో చూడాలి. కట్ట చివర గుండ్రటి కన్ను దగ్గర రాడ్డు పెట్టి ఎత్తితే టక్‌మని కదిలిందా, బుష్ పోయింది.

ఇప్పుడు అసలు పోటీ. అదనపు పట్టీ గట్టిదనం ఎలా పెరుగుతుందో తెలిస్తే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. ఒకే మందం ఉన్న ఐదు పట్టీల కట్టకు ఆరోది అలాంటిదే కలిపితే గట్టిదనం సుమారు ఐదో వంతు పెరుగుతుంది. కానీ పట్టీ మందం పెంచితే లెక్క మారిపోతుంది, ఎందుకంటే గట్టిదనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ చోట 10 మిల్లీమీటర్లది వేస్తే ఆ ఒక్క పట్టీ గట్టిదనమే దాదాపు రెట్టింపు. షెడ్డులో చేతికి దొరికిన లారీ పట్టీ కోసి వేసేటప్పుడు ఈ లెక్క ఎవరూ వేయరు. లోడు ఉన్నప్పుడు బండి కుంగదు, అది నిజమైన లాభం. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం ఆ కట్ట వంగదు. చిన్న గతుకుకే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. మలుపులో లేచిన చక్రానికి పట్టు ఉండదు. పికప్పుల్లో ఇంజన్ శక్తి వెళ్లేది ఆ వెనక చక్రాలకే. గేరులో దిగేటప్పుడు ఇంజన్ పట్టి ఆపేదీ వాటినే. వానలో ఘాట్ మలుపు మీద వెనక భాగం పక్కకు జారడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

చాలామందికి ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది, ఇది అన్నిటికంటే ముఖ్యం. చాలా పికప్పుల్లో వెనక యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఒక సన్నటి కడ్డీ, దానికి కలిపి బ్రేకు పైపు మీద ఒక వాల్వ్ ఉంటాయి. లోడు పడి బాడీ కిందికి దిగితే, బరువుంది అని ఆ వాల్వ్ వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. బాడీ పైకి లేచి ఉంటే, ఖాళీగా ఉందని తగ్గిస్తుంది. అదనపు పట్టీ వేస్తే లోడున్నా బాడీ అంతగా దిగదు. వాల్వ్ బండి ఖాళీ అనే అనుకుంటుంది. నిండు లోడుతో భాకరాపేట ఘాట్ దిగుతుంటే ఎక్కువ భారం ముందు బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. పట్టీ వేయించిన రోజే ఆ వాల్వ్‌ను కంపెనీ కొలతల ప్రకారం మళ్లీ సెట్ చేయించాలి. సెట్ చేయడం రాదని ఆ కడ్డీనే తీసి పక్కన పెట్టేస్తామంటే ఆ షెడ్డులో పని చేయించుకోవద్దు.

పట్టీ కావాల్సినవాళ్లు లేరని కాదు. అలాంటివాళ్లకు మేలైన దారి హెల్పర్ పట్టీ. కట్టకు అడుగున చదునుగా, మందంగా ఉండే పట్టీ ఇది. మామూలుగా పైవాటికి దూరంగా ఉంటుంది, లోడు పడి కట్ట వంగినప్పుడే తగిలి పనిలోకి దిగుతుంది. ఖాళీ బండి మెత్తగానే నడుస్తుంది. చాలా పికప్పుల్లో ఇది మొదటి నుంచీ ఉంటుంది కాబట్టి కొత్తది వేయించే ముందు ఉన్నది అరిగిందో, సాగిందో చూసుకోవాలి. పై పట్టీలు సాగి ఖాళీగా ఉన్నప్పుడే హెల్పర్‌ను తాకుతుంటే, జబ్బు పైన ఉంది.

ఏ పట్టీ వేసినా ఆర్‌సీలో రాసిన బరువు మారదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌లో అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల జరిమానా ఉంది.

సాగిన కట్టను కొట్టించి మళ్లీ వంపు తెప్పించడమా, కొత్త సెట్టు కొనడమా? కొట్టించడం చవక, ఒక పూటలో అయిపోతుంది. పట్టీలు సిలికాన్, మాంగనీస్ కలిసిన స్ప్రింగ్ స్టీల్‌తో చేస్తారు. దాని బలమంతా వేడి చేసి, నూనెలో ముంచి, మళ్లీ తగిన వేడిమిలో పదును పెట్టడంలో ఉంది. చల్లగా సుత్తితో కొట్టి తెచ్చిన వంపు ఎక్కువ కాలం నిలవదు. ఎర్రగా కాల్చి వంచి ఊరికే చల్లారనిస్తే ఇంకా ప్రమాదం, పదును పోయి పట్టీ త్వరగా కుంగుతుంది లేదా విరుగుతుంది. పదును పెట్టే కొలిమి సరిగ్గా ఉన్న చోటైతేనే కొట్టించండి. లేకపోతే నాణ్యమైన కొత్త సెట్టే నయం, అదీ రెండు వైపులా కలిపి. పాత సెట్టు విప్పినప్పుడు కట్టను యాక్సిల్‌కు బిగించే యూ-బోల్టులు కూడా కొత్తవే వేయాలి. ఒకసారి బిగించి సాగిన బోల్టు రెండోసారి అంత గట్టిగా పట్టదు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించాలి. అవి వదులైతే కట్ట మధ్య ఉండే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ వెనక్కి జరుగుతుంది, బండి ఏటవాలుగా నడుస్తుంది.

షాకబ్జర్లలో మామూలు ఆయిల్‌వి, నైట్రోజన్ గ్యాస్ నింపినవి అని రెండు రకాలు. గతుకుల దారిలో ఆగకుండా పోతుంటే ఆయిల్‌లో నురగ పుడుతుంది, నురగ వచ్చాక ఆపే శక్తి తగ్గుతుంది. గ్యాస్ ఒత్తిడి ఆ నురగను అణచిపెడుతుంది. పొలాల దారుల్లో పాలు, టమోటా తిప్పే బండికి గ్యాస్‌వి పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి. హైవే మీదే తిరిగే బండికి మంచి ఆయిల్ రకం చాలు. ఏదైనా జంటగా మార్చాలి. ఒక వైపు కొత్తది, ఒక వైపు పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. పట్టీలు పెంచి, షాకబ్జర్లు పాతవే ఉంచినవాళ్లు ఎక్కువ. గట్టి కట్ట వెనక్కి తన్నే బలం కూడా ఎక్కువ, దాన్ని ఆపలేకే బండి అలా గంతులేస్తుంది.

బుష్షుల ఖర్చు అన్నిటికంటే తక్కువ, వాటివల్ల వచ్చే తేడా మాత్రం డ్రైవరు మొదటి కిలోమీటరులోనే గుర్తుపడతాడు. యాక్సిల్ తన చోట నిలబడితే స్టీరింగ్ మాటిమాటికీ సరిచేసే పని తగ్గిపోతుంది. రబ్బరువి మెత్తగా ఉంటాయి, చప్పుడు చేయవు. పాలీయూరిథేన్‌వి గట్టిగా పట్టుకుంటాయి, ఆయిల్ తగిలినా త్వరగా పాడవవు. కానీ గ్రీజు లేకుంటే కీచుమంటాయి, చిన్న అదురు కూడా బాడీకి పంపుతాయి. రోజంతా లోడు కొట్టే బండికి పాలీయూరిథేన్, ఇంటివాళ్లు కూడా ఎక్కే క్యాంపర్ రకానికి (వెనక సీట్లున్న పికప్‌కి) రబ్బరు అంటాను. రబ్బరు బుష్ వేసేటప్పుడు బండిని జాకీ మీద ఉంచి పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువు మీద తాను నిలబడ్డాకే చివరి బిగింపు. లేదంటే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఇరుక్కుని కొన్నాళ్లకే చిరుగుతుంది.

ముందు భాగం బండిని బట్టి మారుతుంది. కొన్ని పాత వాటికి ముందూ కమాన్ కట్టలే. శ్రీసిటీ ప్లాంటులో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డి-మ్యాక్స్ లాంటి వాటికి ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కట్టలు. ఏదైనా ముందు చక్రాలను తిప్పే, పట్టుకునే కీళ్లు (బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు) వదులుగా ఉంటే వెనక ఎంత ఖర్చుపెట్టినా స్టీరింగ్ తేలిపోతూనే ఉంటుంది. మలుపులో ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్ లింకులు ఊడిపోయాయని వైరుతో కట్టేసిన బండ్లు కనిపిస్తుంటాయి. ఒరగడానికి అదే కారణం కావచ్చు. పని అయ్యాక చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి.

టైర్లలో రేడియల్‌దే పైచేయి, పట్టు బాగుంటుంది, వేడి తక్కువ. రాళ్ల దారుల్లో పక్కగోడ తెగుతుందన్న భయం ఉన్నవాళ్లకే నైలాన్. ఒకే యాక్సిల్ మీద రెండూ కలపొద్దు. లోడుకు పెట్టిన గాలితోనే ఖాళీ బండి తిప్పితే టైరే రాయిలా మారుతుంది, కొత్త షాకబ్జర్ల లాభం సగం అక్కడే పోతుంది. డోరు దగ్గరి స్టిక్కరులో లోడుకూ ఖాళీకీ వేర్వేరు కొలతలు ఉంటే వాటినే పాటించండి.

నా తీర్పు ఇది. టమోటా, కూరగాయలు, పాలు తిప్పుతూ సగం దూరం ఖాళీగా తిరిగే బండికి బుష్షులు, షాకబ్జర్లు, టైరు గాలి, ఈ వరసలో డబ్బు పెట్టండి. పట్టీ జోలికి పోవద్దు. మామిడి సీజన్‌లో తోతాపురి ఎత్తుగా నింపుకుని గుజ్జు ఫ్యాక్టరీల ముందు గంటల తరబడి లైన్లో నిలబడే బండి అయితే, షాకబ్జర్లు మార్చాక హెల్పర్ పట్టీ వేయించండి. ఎత్తుగా నింపిన కాయ మలుపులో బండిని ఇంకా ఒరిగేలా చేస్తుంది కాబట్టి ఈ రెండూ కలిసే ఉండాలి. ఏడాది పొడవునా ఆర్‌సీ బరువు నిండా మోసే ఇటుక, సిమెంటు బండ్లకు కొత్త పూర్తి కట్ట సెట్టు, గ్యాస్ షాకబ్జర్లు. మామూలు అదనపు పట్టీకి మొదటి స్థానం ఇచ్చే సందర్భం మన దారుల్లో నాకు కనిపించలేదు.

వీటిలో ఏది ఎంచుకున్నా బండిని ర్యాంపు ఎక్కించినప్పుడు కట్టను పట్టుకునే హ్యాంగర్లు (బ్రాకెట్లు) ఛాసిస్‌కు అతికే చోట మట్టి గీకి చూడండి. అక్కడ పగులో, తినేసిన తుప్పో ఉంటే ముందు ఛాసిస్ పని తెలిసిన వెల్డరు దగ్గరికి వెళ్లాలి. ఆ పగులు సరికాకుండా గట్టి కట్ట వేస్తే పగులు పెద్దదవుతుంది.