సముద్రానికి నాలుగు వీధుల వెనక, మెరక మీద: చాలాకాలం కాపురమున్నాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను, మా ఇంట్లోంచి సముద్రం కనిపించదు. రాత్రిపూట గాలి అటు నుంచి తిరిగితే అలల హోరు వినిపిస్తుంది, అంతే. ఉద్యోగం మీద తెలియని ఊరికి వచ్చి, సముద్రం దగ్గర ఎక్కడ ఉండాలా అని వెతికి వెతికి, తీరానికి నాలుగు వీధుల అవతల కాస్త మెరక మీదున్న పేటలో అద్దెకు దిగాం. ఏళ్లు గడిచాయి. తుఫాన్లు చూశాం, పోటు నీళ్లు చూశాం, తుప్పు మాత్రం రోజూ చూస్తున్నాం. ఈ పేటకి ఐదులో నాలుగు నక్షత్రాలు ఇస్తాను. సముద్రానికి ఎదురుగా ఉండే మొదటి వరసకైతే, సగం అద్దెకే ఇస్తామన్నా రెండుకు మించి ఇవ్వను.

ఇల్లు చూపించేవాళ్లు బీచ్‌కి ఎన్ని నిమిషాల నడకో చెబుతారు. ఆ నేల సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో చెప్పేవాళ్లు మాకు ఒక్కరూ తగల్లేదు. గూగుల్ ఎర్త్‌లో వీధి మీద కర్సర్ పెడితే ఎత్తు చూపిస్తుంది. ఆ అంకె కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి దాన్నే పట్టుకుని కూర్చోకుండా, చుట్టుపక్కల వీధులతో పోల్చుకుంటే ఏది మెరకో ఏది పల్లమో తెలిసిపోతుంది. మేం చూసిన ఇళ్లలో ఒకటి తీరానికి ఇప్పటి ఇంటికంటే దూరం, చవక కూడా. కానీ పల్లంలో ఉంది, వాగు సముద్రంలో కలిసే మొగకి దగ్గర. ఉప్పెన నీళ్లు బీచ్ దాటుకునే రావాలని లేదు. మొగలోంచి వాగుకి ఎదురెక్కి, వెనక వైపు నుంచి కూడా వస్తాయి. ఆ ఇల్లు వద్దనుకోవడానికి ఐదు నిమిషాలు పట్టలేదు.

తుఫాను అనగానే మన ధ్యాసంతా గాలి మీదే ఉంటుంది. ప్రాణాలు ఎక్కువగా తీసేది నీళ్లు. 1977 నవంబరు 19న దివిసీమను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టింది ఉప్పెనే. 2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు అమెరికాలోని మిసిసిపీ తీరంలో ఉప్పెన 8 మీటర్లు దాటింది. అది ఎంత ఎత్తున లేస్తుందనేది గాలి వేగం ఒక్కటే తేల్చదు, సముద్రం అడుగు ఎలా ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. లోతు తక్కువగా, మెల్లగా దిగుతూ పోయే తీరమైతే నీటికి కిందికి పోయే దారి ఉండదు, పైకి పేరుకుంటుంది. అంటే పిల్లలు మోకాలి లోతులో చాలా దూరం నడిచి వెళ్లగలిగే ముచ్చటైన బీచ్ ఉందే, తుఫాను రోజున అనుమానించాల్సింది దాన్నే.

ఇంకో సంగతి కూడా కనుక్కున్నాకే అడ్వాన్స్ ఇచ్చాం: ఖాళీ చేయమంటే ఎక్కడికి వెళ్లాలి, ఏ దారిన వెళ్లాలి? 2013లో హయాన్ తుఫాను ఫిలిప్పీన్స్‌లోని టక్లోబాన్‌ని కొట్టినప్పుడు, జనం తలదాచుకున్న కొన్ని తరలింపు కేంద్రాల్లోకే నీళ్లు వచ్చేశాయి. కాబట్టి కేంద్రం ఉందని తెలుసుకోగానే సరిపోదు, అది మన ఇంటికంటే ఎత్తులో ఉండాలి. దారి మధ్యలో పల్లపు రోడ్డో, ఒకే ఒక్క వంతెనో ఉంటే చిక్కే. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే చాలు, పెద్దవాళ్లనైనా పడదోస్తాయి. 30 సెంటీమీటర్లకే చిన్న కార్లు కొట్టుకుపోతాయి. మా పేట నుంచి ఆసుపత్రికి వెళ్లే రోడ్డు ఎగువకే పోతుంది. ఇంట్లో అమ్మ ఉంది, అందుకని ఆ ఒక్క రోడ్డు కోసమే కొంచెం ఎక్కువ అద్దెకైనా సిద్ధపడ్డాం.

ఇక పోటు. అమావాస్య, పౌర్ణమి వచ్చాక ఒకట్రెండు రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది. సముద్రంలోకి తెరుచుకునే డ్రైనేజీ తూముల్లో అప్పుడు నీళ్లు బయటికి పోకపోగా, వెనక్కి తంతాయి. మొదటి వరస వెనక వీధి మలుపులో ఒక మ్యాన్‌హోల్ ఉంది. ఒకసారి అలాంటి పోటు వేళ దాని మూత అంచు చుట్టూ ముందు బుడగలు వచ్చాయి, తర్వాత సన్నటి ధార, కాసేపటికి రోడ్డు సగం తడిసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. స్కూటర్లవాళ్లు అలవాటుగా పక్కకి తిప్పుకుని పోతున్నారు. ఇల్లు చూడాలనుకుంటే పంచాంగం చూసి అలాంటి రోజునే వెళ్లండి, ముహూర్తం కోసం కాదు లెండి. నెట్‌లో ఆ తీరం టైడ్ టేబుల్, అంటే పోటు వేళల పట్టిక, దొరుకుతుంది. పోటు సమయం రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, నిన్న ఎవరో చెప్పిన టైముకి ఇవాళ వెళితే ఏమీ కనపడదు. అదే రోజు గట్టి వాన కూడా పడితే ఆ వీధి అసలు రంగు బయటపడుతుంది.

“ఇక్కడ నీళ్లు నిలుస్తాయా అండీ?” అని అడిగితే ఎవరైనా “అబ్బే, అలాంటిదేం లేదు” అనే అంటారు. అబద్ధమని కాదు, వాళ్లకది అలవాటైపోయింది. “ఎక్కువలో ఎక్కువ ఎక్కడి దాకా వచ్చాయి?” అని అడగండి. ఠక్కున గేటు వైపో, రెండో మెట్టు వైపో వేలు చూపిస్తారు. అడగడం మొహమాటమైతే చుట్టూ చూసుకోండి. మోటారు కింద దిమ్మ నడుమెత్తు కట్టి ఉందా? కరెంటు మీటర్లు తల పైన బిగించారా? గడప ముందు తర్వాత ఎప్పుడో పేర్చిన ఇటుకల వరస ఉందా? పని లేక ఎవరూ అవి చేయించరు. మా వీధిలో మోటార్లు నేల మీదే ఉన్నాయి. బ్రోకర్ చెప్పిన మాటలన్నిటికంటే నాకు ఆ మోటార్లే ఎక్కువ ధైర్యమిచ్చాయి.

ఇప్పుడు ఉప్పుగాలి గురించి. ఈ ఒక్క విషయం మీదే నాలుగు పేజీలు రాయగలను. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపరలోని ఉప్పు గాలిలో కలిసి వస్తుంది. తీరానికి దగ్గర్లో చాలా ఎక్కువగా వాలుతుంది, మొదటి కొన్ని వందల మీటర్లలోనే గబగబా తగ్గిపోతుంది. అంటే నాలుగు వీధుల తేడా పైకి చిన్నదే గానీ రిపేర్ల బిల్లులో అది పెద్దది. సముద్రానికి ఎదురు వరసలో ఉండే మా ఆఫీసు మిత్రుడు, మేమూ ఇంచుమించు ఒకేసారి ఏసీలు కొన్నాం. వాళ్ల ఔట్‌డోర్ యూనిట్ సముద్రం వైపు గోడకి ఉంది. కాయిల్ రేకులు వేలితో తాకితే పొడిపొడిగా రాలేవి, తర్వాత గ్యాస్ లీకేజీ, ఆఖరికి యూనిట్టే మార్చారు. మాది ఇంటి వెనక వైపు ఉంది, అప్పుడప్పుడూ మంచినీళ్లతో కడుగుతాం, ఇంకా నడుస్తోంది. కొత్తగా కొనేవాళ్లు పూత వేసిన కాయిల్ ఉన్నది అడిగి తీసుకోండి.

స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగ్ ఉంది, దానికి తుప్పు పట్టదండీ అని ఎవరైనా అంటే ఏ గ్రేడో అడగండి. మామూలుగా వాడే 304 రకం సముద్రం పక్కన గోధుమరంగు మచ్చలు తేలుతుంది. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి అది బాగా తట్టుకుంటుంది. అది కూడా కడుక్కుంటూ ఉంటేనే. ఇనుప గ్రిల్స్ అయితే రంగు పైపైన మెరుస్తున్నా వంగి, అడుగున వెల్డింగ్ అతుకులు చూడాలి. రంగు కింద పొక్కులు లేచి, నొక్కితే చిట్లుతుంటే, లోపల ఇనుము సగం తినేసినట్టే.

అన్నిటికంటే ముఖ్యం స్లాబు. కిందున్న పార్కింగ్‌లోకి వెళ్లి తలెత్తి పైకప్పు చూడండి. ఉప్పు కాంక్రీటులోకి ఇంకి లోపలి చువ్వల దాకా వెళితే అవి తుప్పు పడతాయి. తుప్పు అసలు ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడుతుంది. చువ్వ వెంబడి గీసినట్టు తిన్నగా పోయే పగులు, దాని పక్కన గోధుమరంగు చార కనిపిస్తే, అది సున్నంతో కప్పిపుచ్చే పని కాదు. 2021 జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న అపార్ట్‌మెంట్ కూలి 98 మంది చనిపోయారు. అక్కడ స్విమ్మింగ్ పూల్ పక్కనున్న స్లాబులో కాంక్రీటు బాగా దెబ్బతిందని 2018లోనే ఇంజినీర్ రిపోర్టు ఇచ్చాడు. నీళ్లు ఇంకడం ఒక్కటే కారణం కాదు, డిజైన్‌లో లోపాలు కూడా తర్వాత బయటపడ్డాయి. మనం డిజైన్ లోపాలు కనిపెట్టలేం. కానీ బిల్డింగ్ పాతదైతే ఆఖరిసారి ఇంజినీర్ ఎప్పుడు చూశాడు, ఏం చేయమన్నాడు, చేశారా అని అసోసియేషన్‌ని అడగొచ్చు. “అవన్నీ మీకెందుకండీ, అద్దెకేగా” అన్నారు ఒకచోట. నమస్కారం పెట్టి వచ్చేశాం.

నీళ్ల సంగతి. తీరం దగ్గర నేల అడుగున మంచినీళ్లు ఉప్పునీటి మీద తేలుతుంటాయి, మంచినీళ్లు తేలిక కాబట్టి. లెక్క ప్రకారం సముద్ర మట్టం పైన ఒక మీటరు మంచినీళ్లుంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీళ్లే ఉంటాయి. తిరగేసి చూస్తే భయమేస్తుంది: అందరూ బోర్లు తోడి ఆ పై మట్టాన్ని ఒక్క మీటరు దించితే, ఉప్పునీరు కాలక్రమేణా 40 మీటర్లు పైకి రాగలదు. సముద్రపు నీటిలో లీటరుకి దాదాపు 35,000 మిల్లీగ్రాముల లవణాలుంటాయి, అందుకే బోరులో రెండు మూడు శాతం కలిసినా రుచి పోతుంది. నీటిలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటర్ చిన్నది, జేబులో పడుతుంది. లీటరుకి 600 మిల్లీగ్రాముల లోపైతే రుచి బాగుంటుందని, 1000 దాటితే తాగబుద్ధి కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వేసవి చివర్లో కొలవండి, వానల తర్వాత ఏ బోరైనా మంచిదే. మా ఇంట్లో బోరు నీళ్లు వాడకానికే, తాగడానికి కుళాయి నీళ్లు వస్తాయి. కుళాయి లేని ఇల్లయితే అద్దె ఎంత తక్కువైనా టెన్షనే.

దొంగల భయం, ఆడవాళ్లు రాత్రి నడిచి రాగలరా అన్న ప్రశ్నలకి సముద్రంతో పనిలేదు గానీ, తీరపు పేటల్లో ఒక తేడా ఉంది. టూరిస్టుల సీజన్‌లో కిటకిటలాడే వీధి, సీజన్ అయిపోగానే నిర్మానుష్యమైపోతుంది. ఏడాదంతా కాపురాలుండే వీధి వేరు, తాళాలేసిన ఇళ్ల వీధి వేరు. సీజన్ కాని రోజున, రాత్రి భోజనాల వేళకి వెళ్లి ఎన్ని ఇళ్లలో లైట్లు వెలుగుతున్నాయో చూస్తే చాలు. మా వీధిలో అన్నీ వెలుగుతాయి. పక్కింటి పిన్నిగారికి మా ఇంటికి ఎవరొచ్చారో మాకంటే ముందే తెలుస్తుంది, అది కూడా సెక్యూరిటీయే అనుకోండి.

తీరం కదులుతుంది. గూగుల్ ఎర్త్ టైమ్‌ల్యాప్స్‌లో 1984 నుంచి ఉపగ్రహ చిత్రాలున్నాయి, ఒడ్డు వెనక్కి వచ్చిందో ముందుకు పోయిందో తెలుస్తుంది. హార్బర్ కోసం రాతిగోడ కట్టిన చోట సాధారణంగా ఒక పక్క ఇసుక మేట వేస్తుంది, రెండో పక్క కోత పడుతుంది. కోత పడే పక్కన ఇల్లు కొనకండి, అద్దెకైతే మీ ఇష్టం.

ఒక నక్షత్రం ఎందుకు కోశానో కూడా చెప్పాలి. చెమ్మ. నాలుగు వీధులు వెనక్కి వచ్చినా అది వదల్లేదు. వానాకాలంలో తలుపులు ఉబ్బి పట్టేస్తాయి, అల్మరాలో తోలు బెల్టుకి బూజు. పైగా ముందు వరసలో ఎత్తైన బిల్డింగులు లేస్తున్నాయి, సాయంత్రం సముద్రపు గాలి తగ్గుతోంది. సెలవు రోజుల్లో బీచ్‌కి వచ్చేవాళ్ల కార్లు మా గేటు ముందే పెడతారు. పెద్ద తుఫాను తర్వాత కరెంటు రోజుల తరబడి రాలేదు, లిఫ్ట్ లేదు, పై అంతస్తుల వాళ్లు బకెట్లు మోశారు. మేం మొదటి అంతస్తు కాబట్టి బతికిపోయాం. నీళ్లకి అందనంత పైన, మెట్లకి భయపడనంత కింద ఉండాలంటే మొదటిదో రెండోదో మంచిది.

డబ్బు లెక్క వేసేటప్పుడు అద్దెతో పాటు రంగులు, ఏసీ సర్వీసు, తాగునీళ్లు, బీమా కూడా కలపండి. బీమాలో వరద వస్తుందో లేదో విడిగా చదవాలి. అమెరికాలో ఉండేవాళ్లయితే మామూలు ఇంటి పాలసీలో వరద రాదు, ప్రభుత్వ వరద బీమా కొత్తగా తీసుకున్నా సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. తుఫాను పేరు టీవీలో విన్నాక కొందామంటే కుదరదు.

ఈమధ్యే ఒప్పందం మళ్లీ రాసుకున్నాం. కిటికీ గ్రిల్స్‌కి రంగు వేయించే ఖర్చు ఇంటి ఓనర్‌దేనని ఈసారి కాగితం మీద పెట్టించాను. ఆయన కాస్త గొణిగాడు గానీ, సంతకం పెట్టాడు.