నెలలు నిండని బిడ్డకు పుట్టగానే ఎంత ఆక్సిజన్: 21, 30, 100లో ఏది మేలు?

ఏడో నెలలోనే పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ మీద పడుకోబెట్టామో లేదో, తలుపు బయటి నుంచి "ఆక్సిజన్ పెట్టండి డాక్టరమ్మా" అని వినిపిస్తుంది. ఆ ఆదుర్దాను నేనెప్పుడూ తప్పు పట్టను. లోపల మేం తేల్చుకోవాల్సింది మాత్రం ఎంతతో మొదలుపెట్టాలనేది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. సిలిండర్ నుంచి నేరుగా వచ్చేది 100. గాలినీ ఆక్సిజన్‌నూ కలిపే బ్లెండర్ ఉంటే ఆ రెంటి మధ్య ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు.

ఒకప్పుడు అందరికీ 100 శాతమే ఇచ్చేవారు. ఆక్సిజన్ ఎక్కువైతే ఏమవుతుందో 1940, 50ల్లోనే తెలిసింది. ఇంక్యుబేటర్లలో రోజుల తరబడి ఆక్సిజన్ పట్టించిన పిల్లలు వేలల్లో చూపు కోల్పోయారు. 1950లో నెలలు నిండకుండా పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ వారిలో ఒకరు. కారణం ఆక్సిజనే కావచ్చని 1951లో మెల్‌బోర్న్ డాక్టర్ కేట్ క్యాంప్‌బెల్ రాశారు. దాంతో ఆక్సిజన్ బాగా తగ్గించేశారు. చూపు పోవడం తగ్గింది గానీ, ఊపిరి చాలక పోయే పసివాళ్లు పెరిగారు. ఈ రెండో సగం చాలామందికి తెలియదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

ఇక మామూలు గాలి. నెలలు నిండిన పిల్లల విషయంలో వాదన తేలిపోయింది. ఢిల్లీలో సిద్ధార్థ్ రామ్‌జీ, నార్వేలో ఓలా సాగ్‌స్టాడ్ 1990లలో చేసిన పరీక్షలతో మొదలై, 100 కంటే గాలితో మొదలుపెట్టిన పిల్లలే ఎక్కువగా బతుకుతున్నారని రుజువైంది. 2010లో మార్గదర్శకాలూ మారాయి. నెలలు నిండని పిల్లలకూ అదే మంచిదేమో అనుకుని, 2015 నాటికి గర్భం 35 వారాలు నిండకముందే పుట్టిన వారికి 21 నుంచి 30 శాతంతో మొదలుపెట్టమన్నారు.

చిక్కంతా ఇక్కడే. 28 వారాలకు పుట్టిన బిడ్డ ఊపిరితిత్తులు, నెలలు నిండిన బిడ్డ ఊపిరితిత్తులు ఒకటి కావు. ఆక్సిజన్ చాలకపోతే ఆ చిన్న ప్రాణం తనంతట తాను ఊపిరి తీయడమే మానేస్తుంది, గుండె నెమ్మదిస్తుంది. 32 వారాల లోపు పుట్టిన 287 మంది పిల్లల్లో గాలినీ, 100 శాతాన్నీ పోల్చి చూసిన టార్పిడో పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. అందులో 28 వారాల లోపు వారిని విడిగా చూస్తే, గాలితో మొదలైన 46 మందిలో 10 మంది, 100 శాతంతో మొదలైన 54 మందిలో ముగ్గురు చనిపోయారు. పరీక్ష మధ్యలోనే ఆగిపోయింది, ఈ లెక్క తర్వాత తీసింది, కాబట్టి దీన్ని పూర్తి రుజువు అనలేం. కానీ 2024లో 12 పరీక్షల్లోని 1,055 మంది పిల్లల వివరాలను కలిపి చూసినా, ఎక్కువ ఆక్సిజన్‌తో మొదలైన వారిలోనే మరణాలు తక్కువగా కనిపించాయి. అందుకే 2025 మార్గదర్శకాలు 32 వారాల లోపు వారికి కనీసం 30తో మొదలుపెట్టమంటున్నాయి.

నా మాట కూడా 30కే. 32 వారాల లోపు బిడ్డకు ఉత్త గాలితో మొదలుపెట్టడం నాకు ధైర్యం చాలని పని. 100తో మొదలుపెడితే దించడం మరిచిపోతామన్న భయం ఉంది. ఛాతీ నొక్కాల్సి వస్తేనే 100కి వెళ్తాను.

ఎంతతో మొదలైనా దారి చూపేది, రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చెప్పే పల్స్ ఆక్సిమీటరే. బిడ్డ కుడి చేతికే దాని సెన్సర్, అంటే ప్రోబ్, చుట్టాలి, మెదడుకు వెళ్లే రక్తం లెక్క అక్కడే తెలుస్తుంది. నా బొటనవేలంత కూడా లేని ఆ మణికట్టుకు ప్రోబ్ చుట్టి, వెలుతురు పడకుండా గుడ్డ కప్పి, అంకె వెలిగేదాకా చూస్తుంటే గడిచేవి సెకన్లే, అనిపించేది మాత్రం గంటలా. మొదటి నిమిషంలో ఆ అంకె 60 నుంచి 65 ఉంటే కంగారు పడక్కర్లేదు, కడుపులో బిడ్డ ఉండేదీ దాదాపు అంతే. ఐదో నిమిషానికి 80 దాటాలి. దాటకపోతే ముందు మాస్క్ సరిగ్గా ఆనుతోందా, ఛాతీ లేస్తోందా అని చూడాలి. గాలే లోపలికి వెళ్లకపోతే ఎంత ఆక్సిజన్ పెట్టీ లాభం లేదు. ఆ తర్వాతే బ్లెండర్ తిప్పాలి. 95 దాటితే వెంటనే తగ్గించాలి.

బ్లెండర్ లేని చిన్న ఆసుపత్రిలో? చేత్తో నొక్కే బ్యాగ్‌కు ఆక్సిజన్ గొట్టం పెట్టి, ఆక్సిజన్ నిల్వ ఉంచే సంచి (రిజర్వాయర్) తీసేస్తే సుమారు 40 శాతం వస్తుంది. కచ్చితమైన లెక్క కాదు, అయినా ఉత్త గాలికీ, 90 దాటించే రిజర్వాయర్‌కీ మధ్య నేను దాన్నే ఎంచుకుంటాను.

ఏ అంకెతో మొదలైనా, అమ్మానాన్నలు డిశ్చార్జ్ కాగితం మీద ఒక తేదీ రాయించుకోవాలి. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల కంటే తక్కువ బరువున్నా, 30 రోజుల్లోపు కంటి వెనక పొర, అంటే రెటీనా పరీక్ష జరగాలి. మరీ చిన్నపిల్లలకు ఇంకా ముందే. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990ల చివరి నుంచే ఈ పరీక్షలు చేస్తోంది. బిడ్డ బరువు పెరిగాక చూపిద్దామని ఆగకండి, రెటీనా అంతవరకూ ఆగదు.