హైదరాబాద్‌లో నాలుగు రోజులు: పెట్టె కన్నా చేతిసంచే ముఖ్యం

డిసెంబరులో అమ్మనీ నాన్ననీ తీసుకుని కాకినాడ నుంచి హైదరాబాద్ వెళ్ళొచ్చాను. మా అబ్బాయి కూడా వచ్చాడు, ఇంటర్ మొదటి సంవత్సరం. నాన్నకి 73 ఏళ్ళు, షుగర్ ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి. అమ్మకి కంటి పరీక్ష చేయించాలి, నాన్నకి చార్మినార్ చూపించాలి, కూకట్‌పల్లిలో ఉన్న పిన్నిని కలవాలి. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని, ఏం సర్దుకున్నామో, అందులో ఏది అక్కరకొచ్చిందో, ఎక్కడ ఇబ్బంది పడ్డామో రాస్తున్నాను.

పొరపాటు జరిగిన చోటు నుంచే మొదలుపెడతాను. శుక్రవారం తెల్లవారుజామున రైలు దిగాం. లాడ్జికి ఫోన్ చేస్తే గది మధ్యాహ్నం పన్నెండుకి గానీ ఇవ్వలేమన్నారు. సరే, సామాను స్టేషన్ క్లోక్ రూములో పెట్టి, టిఫిన్ తిని, ఎక్కడైనా కాసేపు కూర్చుందాం అనుకున్నాం. కౌంటర్‌లో ఆయన సూట్‌కేసు తీసుకుని, అమ్మ జిప్పు సంచి మాత్రం పక్కకి జరిపేశారు. "తాళం లేకుంటే తీసుకోమమ్మా" అన్నారు. రైల్వే క్లోక్ రూముల్లో తాళం వేసిన సామానే తీసుకుంటారు, అది వాళ్ళ నియమం. నాకు తెలీదు. బయట కొట్టు తెరిచేదాకా ఆగి చిన్న తాళం కొన్నాం.

అసలు ఇబ్బంది ఆ తర్వాత వచ్చింది. హోటల్లో ఇడ్లీ తెచ్చి పెట్టాక నాన్న అలవాటుగా చెయ్యి చాపారు, బిళ్ళ కోసం. టిఫిన్‌కి ముందు వేసుకోవాల్సిన షుగర్ బిళ్ళ. మందుల డబ్బా సూట్‌కేసులో, బట్టల అడుగున, తాళం లోపల ఉంది. అబ్బాయి స్టేషన్‌కి పరుగెత్తి, రశీదు చూపించి, సూట్‌కేసు తీయించి, డబ్బా తీసుకుని వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఇడ్లీలు గట్టిపడిపోయాయి. ఆ నలభై నిమిషాలూ నాన్న ఒక్క మాట అనలేదు, నాకేమో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెట్టె సర్దింది నేనే.

ఆ పూట నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఊరికి సర్దే పెట్టె వేరు, రోజుకి సర్దే సంచి వేరు. పెట్టె గదిలో ఉంటుంది. సంచి మాత్రం ప్రతి రాత్రీ, మర్నాడు వెళ్ళబోయే చోటుని బట్టి మళ్ళీ కొత్తగా సర్దుకోవాలి. మందులు, నీళ్ళ సీసా, ఆధార్ ఒరిజినల్స్, చిల్లర నోట్లు, పవర్ బ్యాంకు, అమ్మ శాలువా, నాన్న మోకాలి పట్టీ అందులోంచి ఎప్పుడూ కదలవు. షుగర్ ఉన్నవాళ్ళకి తిరుగుడులో భోజనం ఆలస్యమైతే ఒక్కోసారి షుగర్ పడిపోతుంది, అందుకని నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు, రెండు చాక్లెట్లు కూడా. డాక్టరు రాసిన చీటీ ఫోటో నా ఫోన్‌లోనూ అబ్బాయి ఫోన్‌లోనూ ఉంచాం.

చలి గురించి మన కోస్తావాళ్ళకి చెప్పి తీరాలి. డిసెంబరులో కూడా మా ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది, స్వెటర్ అన్న మాటే గుర్తుండదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకి పైన ఉన్న పీఠభూమి. తెల్లవారుజామున ప్లాట్‌ఫాం మీద దిగగానే తేడా తెలిసిపోతుంది. స్వెటర్లూ మంకీ క్యాపూ పెట్టె పైభాగాన, దిగేటప్పుడు చేతికి అందేలా పెట్టుకోవాలి. చలి కన్నా ఎక్కువ బాధపెట్టింది పొడిగాలి. రెండో రోజుకే అమ్మ పెదాలు చిట్లాయి, నాన్న మడమలు పగిలాయి. వాజిలిన్ చిన్న డబ్బా, కొబ్బరినూనె తప్పకుండా ఉండాలి. ఎండాకాలంలో వెళ్ళేవాళ్ళకీ ఇదే మాట. మనకి చెమట ధారగా కారుతుంది కాబట్టి దాహం తెలుస్తుంది. అక్కడ చెమట వచ్చింది వచ్చినట్టే ఆరిపోతుంది, నీళ్ళు తాగాలని తోచదు. గంటకోసారి గుర్తు చేసి మరీ తాగించాలి.

బస విషయం. మొదటి రాత్రి సికింద్రాబాద్‌లో స్టేషన్‌కి దగ్గరని, ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి తీసుకున్న లాడ్జి. గది శుభ్రంగానే ఉంది. లిఫ్ట్ ఉందని రాశారు, ఉంది కూడా. కానీ లిఫ్ట్ దగ్గరికి చేరడానికే పన్నెండు మెట్లు ఎక్కాలి. వేడినీళ్ళు ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకే. బాత్‌రూములో పట్టుకోవడానికి ఏమీ లేదు, నేల నున్నగా ఉంది. రాత్రి నాన్న లేచినప్పుడల్లా నాకు టెన్షన్. మర్నాడే లక్డీకాపూల్‌లో ఒక హోటల్‌కి మారిపోయాం. మొదటిదానికి రూ.1,400 ఇచ్చాం, రెండోదానికి రూ.2,600. ఆ తేడా నాకు భారం అనిపించలేదు. రోడ్డు మీంచి నేరుగా లిఫ్ట్‌లోకి వెళ్ళొచ్చు, రోజంతా వేడినీళ్ళు, అయిదు నిమిషాల నడకలో మెట్రో స్టేషన్.

ఇప్పుడు ఎవరు అడిగినా చెప్తున్నాను, ఫోటోలు చూసి ఊరుకోకండి, ఫోన్ చేసి మాట్లాడండి. "లిఫ్ట్ ఉందా" అని కాదు, "లిఫ్ట్ ముందు ఎన్ని మెట్లున్నాయి" అని అడగండి. వెస్ట్రన్ టాయిలెట్, వేడినీళ్ళ వేళలు, తెల్లవారుజామున వస్తే గది ఇస్తారా, ఇస్తే ఎంత ఎక్కువ తీసుకుంటారు, అన్నీ అడిగేయాలి. పెద్దవాళ్ళందరి గుర్తింపు కార్డులూ చూస్తారు, ఒక్కరిది సరిపోదు. రైల్వే రిటైరింగ్ రూములు కూడా ఒక దారి. పీఎన్‌ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో ముందుగా బుక్ చేసుకోవచ్చు, కొన్ని గంటలకే కావాలన్నా దొరుకుతాయి. ఇది నాకు ముందే తట్టి ఉంటే శుక్రవారం ఉదయం అంత అవస్థ ఉండేది కాదు.

టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల చాలా రైళ్ళని చర్లపల్లికి మార్చారు. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది, బాగుంది, కానీ ఊరికి దూరం, అక్కడికి మెట్రో లేదు. సికింద్రాబాద్ అనుకుని అక్కడ దిగితే రాత్రిపూట ఆటోవాళ్ళతో బేరమాడాల్సి వస్తుంది.

శుక్రవారం ఇంకో దెబ్బ తగిలింది. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారం సెలవు. మక్కా మసీదులో జుమ్మా నమాజు కాబట్టి చార్మినార్ చుట్టూ రద్దీ కూడా ఎక్కువ. జూ పార్కుకి సోమవారం సెలవు. ఇవి కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే రైలు టికెట్ కొనాలి. మేం పాతబస్తీని శనివారానికి మార్చుకుని, శుక్రవారం సాయంత్రం బిర్లా మందిరానికి వెళ్ళాం.

నౌబత్ పహాడ్ మీద, అంతా తెల్ల పాలరాయి, 1976లో కట్టిన గుడి. సాయంత్రం దీపాలు వెలిగాక పై నుంచి హుస్సేన్ సాగర్ వైపు చూస్తే నాన్న ఎంతసేపటికీ కదల్లేదు. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, కింద కౌంటర్‌లో పెట్టాలి. దర్శనం అయ్యాక జనంలో నాన్న ఒక పక్కకి, మేం ఒక పక్కకి విడిపోయాం. ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. పావుగంట వెతికితే మెట్ల పక్కన గట్టు మీద కూర్చుని కనిపించారు. ఆ రాత్రే నాలుగు చీటీలు రాశాను. హోటల్ పేరు, ఏరియా, నా నంబరు, అబ్బాయి నంబరు, నాన్నకి షుగర్ అన్న మాట. ఒకటి ఆయన చొక్కా జేబులో, ఒకటి అమ్మ పర్సులో. నేను సర్దిన మొత్తం సామానులో అన్నిటికన్నా తేలికైనది, నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది ఆ చీటీయే.

శనివారం లక్డీకాపూల్ నుంచి మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఆటో. మెట్రోలో పెద్దవాళ్ళకి హాయి, ప్రతి స్టేషన్‌లో లిఫ్ట్ ఉంటుంది. సంచి స్కానర్‌లో పెట్టాలి కాబట్టి పండ్లు కోసే చాకు లాంటివి గదిలోనే వదిలేయండి. సాలార్‌జంగ్‌లో సంచులు కౌంటర్‌లో పెట్టించుకున్నారు. అందుకే సంచిలో ఇంకో చిన్న సంచి, అరచేతి అంత జిప్పు పర్సు ఉండాలి. బిళ్ళలు, కళ్ళజోడు, డబ్బు అందులో పడేసి జేబులో పెట్టుకోవచ్చు. గంటల గడియారం ముందు పన్నెండుకి ముందే కూర్చున్నాం. లోపలి నుంచి బుల్లి బొమ్మ బయటికొచ్చి పన్నెండు సార్లు గంట కొడుతుంటే, నాన్న వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు.

చౌమహల్లా పెద్దవాళ్ళకి అన్నిటికన్నా సుఖమైన చోటు. విశాలమైన ముంగిళ్ళు, ఎక్కువ ఎక్కడం దిగడం లేదు, కూర్చోవడానికి నీడ ఉంది. షాండ్లియర్లు చూసి అమ్మ, పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసి అబ్బాయి ఆగిపోయారు. చార్మినార్ కింద నుంచి చూస్తే చాలు. 1591లో కట్టిన ఆ కట్టడం లోపలి మెట్లు బాగా ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని ఎక్కించొద్దు. పక్కనే ఇరానీ చాయ్ తాగాం. ఆ టీ తియ్యగానే కలిపి వస్తుంది. నాన్న రెండు గుక్కలు తాగి, ఉస్మానియా బిస్కెట్ ఒకటి తిన్నారు, అంతే.

ఆదివారం పగలు పిన్ని ఇంట్లో. లక్డీకాపూల్ నుంచి కూకట్‌పల్లికి మెట్రో మారకుండా ఒకటే లైను. ఆవకాయ, పూతరేకులు, కాజాలు, అప్పడాలు ఉన్న సంచి ఆ రోజుతో ఖాళీ అయింది. చెప్పాలంటే మా సామానులో సగం బరువు పిన్ని వాళ్ళదే. ఇలాంటివి ఉంటే మొదటి రోజే చుట్టాలింటికి వెళ్ళడం మంచిది. మేం మూడు రోజులు మోశాం. తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కాం. తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచితం అని అమ్మ విన్నది. కండక్టర్ "ఆధార్ జూపియ్యమ్మా" అని చూసి, "ఇది ఆంధ్ర అడ్రసు, టికెట్ దీస్కోవాలె" అని మర్యాదగానే చెప్పింది. 2023 డిసెంబరులో మొదలైన ఆ పథకం తెలంగాణలో ఉండేవాళ్ళకి మాత్రమే. మనం చిల్లర సిద్ధంగా పెట్టుకోవాలి.

సాయంత్రం గోల్కొండ. పై వరకు దాదాపు 360 మెట్లు, నాన్న ఎక్కే ప్రశ్నే లేదు. ఆయన్ని కింద కమాను దగ్గర నిలబెట్టి అబ్బాయి పైకి వెళ్ళాడు. అక్కడ చప్పట్లు కొడితే కొండ మీద వినిపించేలా కట్టారని అంటారు కదా, నాన్న కర్ర చంకలో పెట్టుకుని గట్టిగా కొట్టారు. కాసేపటికి ఫోన్ మోగింది. "వినిపించింది తాతయ్యా, మళ్ళీ కొట్టు." మూడుసార్లు కొట్టారు. సౌండ్ అండ్ లైట్ షో చూడాలంటే రోజుని బట్టి భాష మారుతుంది, తెలుగు ఏ రోజో ముందే కనుక్కోండి. చీకటి పడ్డాక చలి, దోమలు. శాలువా, ఓడోమాస్ రెండూ ఉండాలి.

సోమవారం అమ్మకి కంటి ఆసుపత్రి. పాత రిపోర్టులు, వాడుతున్న కళ్ళజోడు, ఇప్పుడు వేస్తున్న చుక్కల మందు ఒకే ఫైలులో పెట్టుకెళ్ళాం, అది చాలా సమయం మిగిల్చింది. పరీక్షకి కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు. ఆ తర్వాత కొన్ని గంటలు దగ్గరివి మసకగా కనిపిస్తాయి, ఎండ చూడలేరు. కాబట్టి ఆ రోజు వేరే చోటు ఏదీ పెట్టుకోకండి. నల్లకళ్ళద్దాలు తీసుకెళ్ళండి. అవి లేక అమ్మ, చీర కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని నా భుజం పట్టుకుని నడిచింది. డబ్బులు లెక్కపెట్టడం, మెట్లు దిగడం కూడా ఆమె ఒక్కదాని మీద వదలకూడదు.

ఇస్త్రీపెట్టె, నాలుగు దుప్పట్లు, అమ్మ పట్టుచీరలు రెండు వాడనే లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం రోజూ పనికొచ్చింది, రెండు చోట్లా మంచానికి దగ్గరగా ప్లగ్ లేదు.

తిరుగు ప్రయాణానికి చోటు ఉంచుకోవాలి. పెట్టె అడుగున మడతపెట్టిన గుడ్డసంచి ఒకటి ఉంటే చాలు. లాడ్ బజార్‌లో మా ఆడపడుచుకి కొన్న లక్క గాజులు ఎలా తేవాలా అని అమ్మ రాత్రంతా ఆలోచించింది. రైల్లో పులిహోర తెచ్చుకున్న స్టీలు డబ్బా కడిగి తుడిచి, నాన్న మఫ్లర్‌లో గాజులు చుట్టి, అందులో బిగించింది. కాకినాడలో మూత తీస్తే ఒక్క రాయి కూడా ఊడలేదు.