మూడు వందల మల్టీమీటరు, మూడేళ్ల వాడకం తర్వాత

కరెంటు వోల్టులూ, ఓములూ కొలిచే మీటరు ఇది. పసుపు డబ్బా, తీగల చివర ముల్లుల్లాంటి ఎర్ర ప్రోబు, నల్ల ప్రోబు, మధ్యలో తిప్పే డయల్. ఎలక్ట్రికల్ షాపుల్లో అందరూ చూసే రకమే కాబట్టి వర్ణించను. నా ప్రేమంతా ఆ డయల్ మీదున్న ఒక్క గీత మీద: డీసీ 20, అంటే ఇరవై వోల్టుల దాకా బ్యాటరీ కరెంటుని కొలిచే చోటు.

మాది కాకినాడ. ఉప్పుగాలికి గేటు గొళ్లేలు కూడా నిలవవు. రెండేళ్ల కిందట అన్నవరంలో వ్రతానికని తెల్లవారుజామునే అందరం ముస్తాబై కారెక్కాం. తాళం తిప్పితే ‘టక్’ మని ఊరుకుంది, ఇంజిన్‌ని తిప్పే సెల్ఫ్ మోటారు తిరగలేదు. లైట్లేమో బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి. "బ్యాటరీ పోయుంటుందండీ అల్లుడుగారూ" అన్నారు మావయ్యగారు. బస్సులో వెళ్లొచ్చి, మర్నాడు నాలుగున్నర వేలు పోసి కొత్తది వేయించాను. మూడో రోజు మళ్లీ టక్. సెల్ఫ్ మోటారు విప్పాలన్నాడు మెకానిక్.

అప్పుడు దించాను అటక మీంచి, ఇన్వర్టర్ కోసం ఎప్పుడో కొన్న ఈ మీటరుని. బ్యాటరీ 12.6 వోల్టులు, నిక్షేపంగా ఉంది. బ్యాటరీ నెగిటివ్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే ఎర్త్ కేబుల్ని ఓముల్లో, అంటే కరెంటుకి ఎంత అడ్డుందో చూస్తే 0.4, ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనించినా అంతే వస్తోంది, అంటే ఆ 0.4 ప్రోబులదే, కేబుల్ బాగానే ఉందనుకున్నాను. ఇక్కడే చాలామంది మోసపోతారు, నేనూ పోయాను. సెల్ఫ్ వంద ఆంపియర్లు లాగేటప్పుడు 0.05 ఓం అడ్డున్నా 5 వోల్టులు అక్కడే ఆవిరి. అంత చిన్న అడ్డు ఈ మీటరు కంటికి ఆనదు.

డయల్ 20కి తిప్పి, ఒక ప్రోబు బ్యాటరీ నెగిటివ్ మీద, ఇంకోటి ఇంజిన్ మీద పెట్టి, బండి న్యూట్రల్‌లో ఉంచి మా ఆవిడని తాళం తిప్పమన్నాను. అర వోల్టు దాటకూడని చోట 6 చూపించింది! వంగి చూస్తే, గేర్‌బాక్స్ దగ్గర ఎర్త్ బోల్టు కింద తెల్లగా బూజులా పట్టేసింది. ఉప్పు కాగితంతో రుద్ది, బిగించి, కాస్త పెట్రోలియం జెల్లీ రాశాను. మళ్లీ చూస్తే 0.2. లైట్లు ఎందుకు వెలిగాయంటే, వాటి ఎర్త్ బాడీకి వెళ్లే వేరే వైరు.

అలాగని కళ్లుమూసుకుని నమ్మేదీ కాదు. మొన్న వేసవిలో ఇంజిన్ ఆపి ఉండగా 13.9 చూపించి కంగారు పెట్టింది. తీరా చూస్తే మీటరులోని తొమ్మిది వోల్టుల బ్యాటరీయే నీరసపడింది. అది తగ్గితే అంకెలు పెరుగుతాయి, హెచ్చరికా ఉండదు. ప్రోబు తీగలు రెండుసార్లు తెగాయి.

మా బండి పాతది, తాళంతో తిప్పేది. బటన్ నొక్కే బండ్లలో తాళాన్ని గుర్తుపట్టే గొడవలు వేరే ఉంటాయి, వాటికిది చాలదు. పైగా నాకు తాళం తిప్పే మనిషి ఇంట్లోనే ఉంది. ఒక్కరే చూసుకునేవాళ్లయితే మాత్రం ఇంకో యాభై పెట్టి క్లిప్పులున్న ప్రోబులు తీసుకోండి.