వియత్నాంలో చవక బస: ధర ఎందుకు తగ్గిందో చూసి గది తీసుకోండి

విశాఖ ద్వారకానగర్‌లో ఏ ట్రావెల్ ఆఫీసు మెట్లెక్కినా ఇప్పుడు వియత్నాం ప్యాకేజీ చేతిలో పెడుతున్నారు. అందులో హోటల్‌కు ఎంత పోతోందో విడిగా రాయరు. గది ఊరికి ఎంత దూరమో అక్కడ దిగాక గానీ తెలియదు. నిజానికి ఆ దేశంలో సొంతంగా గది తీసుకోవడం కష్టమూ కాదు, ఖరీదూ కాదు. ఇద్దరికి సరిపడే శుభ్రమైన ఏసీ గది చాలా ఊళ్లలో రోజుకు 3 లక్షల నుంచి 5 లక్షల డాంగ్‌లకు దొరుకుతుంది. అంకె చూసి బెదరక్కర్లేదు. రూపాయికి అటూ ఇటూగా 300 డాంగ్‌లు. చివరి మూడు సున్నాలు కొట్టేసి, మూడుతో భాగించి, పదితో గుణిస్తే రూపాయలు వస్తాయి. 4,50,000 డాంగ్‌లంటే 1,500 రూపాయలన్నమాట. సెలవుల్లో ఆ డబ్బుకు ఆర్కే బీచ్ పక్కన మంచి గది దొరకడం కష్టం.

కాబట్టి చవక గది వెతకడం అక్కడ పెద్ద పని కాదు. ఏది తీసేసి చవక చేశారో కనిపెట్టడమే పని. కిటికీ లేదా, లిఫ్టు లేదా, చలికాలంలో వెచ్చదనం లేదా, రాత్రి నిద్ర పట్టని వీధిలో ఉందా? వీటిలో మీకు ఏది లేకపోయినా ఫర్వాలేదో ముందే తేల్చుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

మొదట వీసా సంగతి, ఎందుకంటే గది బుకింగ్ అక్కడే మొదలవుతుంది. 2023 ఆగస్టు 15 నుంచి ఈ-వీసా 90 రోజులకు ఇస్తున్నారు. ప్రభుత్వ సైట్‌లో ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లు ప్రవేశానికి 50 డాలర్లు. ఫారంలో అక్కడ ఉండబోయే చిరునామా అడుగుతారు. దానికోసం ప్రయాణం మొత్తానికి గదులు బుక్ చేయనక్కర్లేదు. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న హోటల్‌లో మొదటి రెండు రాత్రులు చాలు. మనవాళ్లకు ఎక్కువగా ఇబ్బంది వచ్చేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఫారంలో పొడి అక్షరం రాస్తే విమానాశ్రయం చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. అక్షరం అక్షరం పోల్చి నింపండి.

ఆ రెండు రాత్రుల తర్వాతి గదులను ముందే కట్టేసుకోకపోవడం మంచిది, పండుగ రోజులు తప్ప. ఊరు చేరాక గది చూసి, దుప్పటి వాసన చూసి, కుళాయి తిప్పి చూసి తీసుకోవచ్చు. యాప్‌లో ఒక రాత్రి బుక్ చేసి, నచ్చితే మిగతా రాత్రులకు యజమానితో నేరుగా మాట్లాడితే యాప్ కమీషన్ పోను కొంత తగ్గిస్తారు. హోటళ్లు బుక్ చేసే అగోడా యాప్‌లో మొదట కనిపించే ధరలో పన్ను, సర్వీసు చార్జీ కలవకపోవచ్చు. చివరి పేజీ దాకా వెళ్లి అక్కడి మొత్తాలనే పోల్చాలి.

బోర్డులన్నీ రోమన్ లిపిలోనే ఉంటాయి కాబట్టి చదువుకోవచ్చు. ‘ఖాచ్ సాన్’ అంటే హోటల్. ‘న్యా ఙీ’ అంటే చిన్న లాడ్జి, బోర్డు మీద ఎన్‌హెచ్‌ఏ, ఎన్‌జీహెచ్‌ఐ అని రెండు మాటలుగా కనిపిస్తుంది. వీటిలో గంటల లెక్కన కూడా గదులిస్తారు, జంటలు వచ్చి పోతుంటారు. ఒంటరిగా వెళ్లే మగవాళ్లు రాత్రి గడపడానికి సరిపోతాయి. పిల్లలతో ఉన్న కుటుంబం అటు వెళ్లకపోవడమే మేలు. హోమ్‌స్టే అనే మాట మాత్రం అక్కడ బాగా సాగిపోయింది. ఇంట్లోవాళ్లతో కలిసి ఉండేదీ హోమ్‌స్టేనే, పది గదుల చిన్న హోటలూ హోమ్‌స్టేనే. సమీక్షల్లో ‘ఇంటివాళ్లు వండిపెట్టారు’ అని ఉందో లేదో చూస్తే ఏది ఏదో తెలుస్తుంది. హాస్టల్ డార్మిటరీలో మంచం లక్షన్నర నుంచి రెండున్నర లక్షల డాంగ్‌ల దాకా ఉంటుంది. ఒక్కరికైతే లాభమే. నలుగురైతే లెక్క తిరగబడుతుంది: 1,80,000 చొప్పున నాలుగు మంచాలు 7,20,000 అవుతాయి, రెండు పెద్ద మంచాలున్న ఫ్యామిలీ గది తరచుగా దానికంటే తక్కువకే వస్తుంది, బాత్రూమ్ కూడా మనదే.

హనోయిలో పాత బస్తీ అందరూ ఉండాలనుకునే చోటు. అక్కడి ఇళ్లు మూడు నాలుగు మీటర్ల వెడల్పుతో వెనక్కి పొడుగ్గా సాగిపోతాయి. ముందు గదికి వీధి కిటికీ, మధ్య గదులకు ఏమీ ఉండదు. అన్నింటికంటే తక్కువ ధర కనిపించేది ఈ మధ్య గదులకే. పరదా వేసి ఉంటుంది, తీస్తే గోడ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా హనోయిలో సన్నజల్లు, గాలిలో తేమ ఎంతగా ఉంటాయంటే నేలా గోడలూ చెమరుస్తాయి. ఉక్కపోత మనకు కొత్త కాదు గానీ, గాలాడని గదిలో ఆరని బట్టలతో బూజు వాసన పీల్చడం వేరు. ఉబ్బసం ఉన్నవాళ్లు లక్ష డాంగ్‌లు ఎక్కువైనా కిటికీ గదే తీసుకోవాలి. గది ఎన్నో అంతస్తో, లిఫ్టు ఉందో కూడా అడగండి. అయిదో అంతస్తుకు నిటారు మెట్ల మీద పెద్ద సూట్‌కేసు ఎక్కించడం మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులతో అయ్యే పని కాదు.

మన సెలవులకూ అక్కడి వాతావరణానికీ పొత్తు కుదరదు. బస ఎంపికలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

సంక్రాంతి సెలవులకు వెళ్తే హనోయిలో చలి. ఉష్ణోగ్రత 10 నుంచి 15 డిగ్రీలకు దిగే రోజులుంటాయి. గదిలో ఏసీ ఉంటుంది గానీ చవక గదుల్లో అది చల్లబరిచేదే, వేడి గాలి ఇవ్వదు. వేడి కూడా ఇచ్చేదాన్ని వాళ్లు రెండు వైపుల ఏసీ అంటారు. అది ఉందా అని బుకింగ్‌కు ముందే మెసేజ్ పెట్టండి. ఉత్తరాన కొండల్లోని సపా ఇంకా ఎత్తు, సుమారు 1,500 మీటర్లు. అక్కడ వెదురు గోడల హోమ్‌స్టే ఫొటోలో ముద్దొస్తుంది, రాత్రికి గాలి సందుల్లోంచి వస్తుంది. విద్యుత్ దుప్పటి ఉందో లేదో అడగాలి. దక్షిణాన దా లాత్ కూడా అంతే ఎత్తులో ఉన్నా అక్కడ చలి ఓర్చుకోదగ్గది. ఏసీ లేని గదే చాలు, ఆ మేరకు డబ్బు ఆదా.

దసరా సెలవులకు హోయి ఆన్, హుయే, డా నాంగ్ పెట్టుకోవద్దు. మనకు హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరులో. మధ్య వియత్నాం తీరానికీ తుఫానులూ భారీ వర్షాలూ ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే. హోయి ఆన్‌లో థూ బోన్ నది పొంగితే పాత బస్తీలో నది ఒడ్డు వీధులు మునుగుతాయి, పడవల మీద తిరుగుతారు. ఆ నెలల్లో నది పక్క గదులు సగం ధరకే కనిపించడానికి కారణం అదే. తప్పనిసరిగా వెళ్లాలంటే పై అంతస్తులో, నదికి దూరంగా, రద్దు చేసుకునే వీలున్న గది తీసుకోండి. దసరాకు ఉత్తరాదే మేలు, అక్కడ అక్టోబరు హాయిగా ఉంటుంది.

వేసవి సెలవుల్లో డా నాంగ్, హోయి ఆన్ పొడిగా ఉంటాయి. అయితే జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడి పిల్లలకూ సెలవులే. శుక్ర, శనివారాల్లో సముద్రపు ఊళ్ల ధరలు ఎగిరిపోతాయి. ఆదివారం నుంచి గురువారం దాకా బీచ్‌లో, వారాంతం ఊరి లోపల ఉండేలా అమర్చుకోండి. హోయి ఆన్‌లో పాత బస్తీ నడిబొడ్డున కాకుండా కామ్ థాన్ లేదా ఆన్ బాంగ్ వైపు తీసుకుంటే గది పెద్దది, ధర తక్కువ. చాలా హోమ్‌స్టేలు సైకిల్ ఉచితంగా ఇస్తాయి, నాలుగైదు కిలోమీటర్ల చదును దారి.

వాళ్ల కొత్త సంవత్సరం తేత్ 2026లో ఫిబ్రవరి 17న వచ్చింది, 2027లో ఫిబ్రవరి 6న వస్తుంది. దానికి ముందూ వెనకా వారం రోజులు కొన్ని చిన్న హోటళ్లు మూసేస్తారు, తెరిచినవి ధర పెంచుతాయి, రైలు టికెట్లు దొరకవు. జాతీయ సెలవులైన ఏప్రిల్ 30, సెప్టెంబరు 2 చుట్టూ కూడా ధరలు పెరుగుతాయి, టికెట్లు దొరకడం కష్టం.

హా లాంగ్ అఖాతంలో ఓడ మీద ఒక రాత్రికి పెట్టే డబ్బుతో కాత్ బా ద్వీపంలో చాలా రోజులు ఉండవచ్చు. ఊళ్లో చవక హోటళ్లు బోలెడు, పగలు పడవ ఎక్కి లాన్ హా అఖాతం చూసి సాయంత్రానికి తిరిగి రావచ్చు. చూసేది అవే సున్నపురాయి కొండలు. ఓడ మీద రాత్రి గడపడమే మీ కోరిక అయితే తప్ప కాత్ బానే సరైన లెక్క. హనోయికి దక్షిణాన ఉన్న నిన్ బిన్‌లో స్టేషన్ పక్కన చవకని దిగితే చూసే చోట్లకు రోజూ తిరగడానికే ఖర్చు. ఆ చోట్లకు దగ్గరున్న తామ్ కోక్‌లో ఉండండి.

హో చి మిన్ నగరంలో బుయి వియెన్ వీధి గది ధరలు ఊరిస్తాయి. కింద బార్ల చప్పుడు అర్ధరాత్రి దాటి రెండు, మూడు గంటల దాకా ఆగదు. అదే పేటలో సందు లోపలి ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది. చిరునామా చూస్తే తెలిసిపోతుంది: 185/12 అంటే వీధిలోని 185వ నంబరు సందులో 12వ ఇల్లు. గీత లేకపోతే రోడ్డు మీదిదే. ఒకటికంటే ఎక్కువ గీతలుంటే సందులో సందు, కారు లోపలికి రాదు, సామాను మోసుకోవాలి. ఈ నగరంలో అపార్ట్‌మెంట్ ఫ్లాటు రోజు అద్దెకు తీసుకునేముందు ఆలోచించండి. నివాస భవనాల్లో అలా ఇవ్వకూడదని 2025లో నగర పాలన నిబంధన తెచ్చింది.

రాత్రి ప్రయాణంతో ఒక గది అద్దె మిగులుతుందనే లెక్క దూరాన్ని బట్టి ఉంటుంది. హనోయి నుంచి హుయే 688 కిలోమీటర్లు, రైల్లో రాత్రంతా నిద్ర దొరుకుతుంది. ఆరు బెర్తుల గది మన స్లీపర్‌లా మూడంచెలు, కానీ తలుపు, ఏసీ ఉంటాయి. పై బెర్తు అన్నింటికంటే చవక, లేచి కూర్చునే ఎత్తు ఉండదు. పెద్దవాళ్లకు నాలుగు బెర్తుల గదిలో కింది బెర్తు తీసుకోండి. హనోయి నుంచి సపాకు స్లీపర్ బస్సు మాత్రం అయిదారు గంటలే. రాత్రి పదికి ఎక్కితే తెల్లవారుజామున మూడు, నాలుగుకే చేరుస్తుంది. హోటల్‌లో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండుకు. ముందే కావాలంటే సగం అద్దె అడుగుతారు, మిగిలిందనుకున్నది అక్కడే పోతుంది. పగటి బస్సు ఎక్కండి. స్లీపర్ బస్సులో కాళ్లు పెట్టే పెట్టె ఇరుకు, పొడుగువాళ్లు ముడుచుకునే పడుకోవాలి.

శాకాహారులకు గదిలో కెటిల్ ఉందో లేదో ముఖ్యం. చాలాచోట్ల ఉంటుంది. ఇన్‌స్టంట్ ఉప్మా ప్యాకెట్లకు వేడినీళ్లు చాలు, కెటిల్‌లోనే వండితే మాడి జరిమానా పడుతుంది. బయట ‘చాయ్’ అని పలికే సీహెచ్‌ఏవై బోర్డు ఉన్నది శాకాహార హోటల్. మిగతాచోట్ల కూరగాయల వంటకంలోనూ చేపల సాస్ పోస్తారు. మన ఫోన్ చార్జర్ రెండు గుండ్రటి పిన్నులదైతే అక్కడి సాకెట్‌లో సరిపోతుంది, పెద్ద మూడు పిన్నుల ప్లగ్ పట్టదు.

డబ్బు కట్టేటప్పుడు చిన్న హోటళ్లు నగదే అడుగుతాయి, కార్డుకు మూడు శాతం అదనం అంటారు. 20 వేల నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలమే. మసక వెలుతురులో ఒకటనుకుని ఇంకొకటి ఇచ్చేస్తారు, అయిదు లక్షలవి వేరే జేబులో పెట్టుకోండి.

గదిలో దిగే ప్రతి విదేశీయుడి వివరాలు పోలీసులకు నమోదు చేయడం యజమాని బాధ్యత. అందుకే పాస్‌పోర్టు అడుగుతారు. ఫొటో తీసుకుని ఇచ్చేయమని మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. వెళ్లేదాకా ఉంచుకుంటామంటే, ఖాళీ చేసే ఉదయం తొందరలో మర్చిపోకుండా ముందురోజు రాత్రే బిల్లు కట్టి వెనక్కి తీసుకోండి. అసలు పాస్‌పోర్టే అక్కర్లేదన్న చోట మాత్రం దిగవద్దు. నమోదు చేయలేదని తేలితే ఆ గొడవలో మీరూ ఇరుక్కుంటారు.